మంగళవారం, శుక్రవారం లేవని బండి

తాళం తిప్పితే టక్ మనింది. అంతే. ఇంజను గుర్రుమనలే, కనీసం దగ్గలే. ఇంగోసారి తిప్పినా. మళ్ళా టక్. పక్క సీట్లో మా ఇంటాయన భుజం మీద తువ్వాలేసుకోని, ఒళ్ళో దుప్పటి సంచి పెట్టుకోని కూర్చోనుండాడు. నా తట్టు చూడలే. బండి ముందరుండే గోడను చూస్తాండాడు.

పొద్దున ఏడింటికంతా ఆయన నంద్యాలలో డయాలసిస్ మంచం మీద ఉండాల. ఆళ్ళగడ్డ నుంచి సిరివెళ్ళ మీద పోతే గంట పడతాది. ఆలస్యమైతే ఆ మంచం ఇంగొకరికి పోతాది. వాళ్ళ తప్పేం లేదు, బయట బెంచీల మీద ప్రాణం అరచేతిలో పెట్టుకోని కాచుకోనుండేటోళ్ళు ఎప్పుడూ ఉంటారు. మంచం పోతే మరుసటి దినానికి ఆయన కాళ్ళు ఉబ్బుతాయి. ఆ మరుసటి దినానికి పడుకుంటే ఊపిరాడదు, గోడకానుకోని కూర్చోని నిద్రపోవాల. రెండు కిడ్నీలూ పనిచేయని మనిషికి మంగళవారం, శుక్రవారం బండి లేయకపోవడమంటే అదీ కథ.

నేను ఆళ్ళగడ్డ పక్క పల్లెలో బడి టీచర్ని. ఆయన అహోబిలం జీపు డ్రైవరు. దిగువ అహోబిలం నుంచి ఎగువకు యాత్రికులను ఎక్కించుకోని పోయేటోడు. మేము చర్చికి పోయేటోళ్ళం. ఆయన పొద్దున లేచి స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి ఏసయ్యకు ప్రార్థన చేసుకోని, దినమంతా నరసింహస్వామి దగ్గరికి జనాలను మోసేటోడు. ఎవరన్నా నవ్వితే, "ఘాట్ రోడ్డప్పా, ఇద్దరూ తోడుంటే మంచిదే గదా" అనేటోడు. మనిషి అంత కులాసా. షుగరుంది, బీపీ ఉంది, మాత్రలు వేసుకోమంటే జీపు ముందరి అరలో పడేసి మర్చిపోయేటోడు. తలకాయ నొప్పికని యాడబడితే ఆడ మాత్రలు కొని మింగేటోడు. ఒగ దినం మొగం ఉబ్బింది. నంద్యాలకు తీసుకపోతే, కిడ్నీలు అయిపోయినాయమ్మా అన్నారు.

జీపు నడిపే పని పోయింది. ఎవరో వాడి అమ్మిన చిన్న తెల్లకారు అంతకుముందే కొనుక్కోనుంటిమి, అది మిగిలింది. డయాలసిస్ అయినాక మనిషి పిండేసిన బట్ట మాదిరి అయిపోతాడు, బస్సులో తెచ్చేదానికి కాదు. అందుకని నేను నడపడం నేర్చుకున్నా. నేర్పిందీ ఆయనే. బడిలో నేను పిల్లోళ్ళను ఎట్ల కసురుకుంటానో, అదంతా వడ్డీతో సహా నా మీద తీర్చుకున్నాడు. "క్లచ్చి అది, కుట్టుమిషను తొక్కినట్టు తొక్కుతావేందీ" అనేటోడు. నేను తాళాలు విసిరేసి దిగిపోయేదాన్ని. మళ్ళా ఎక్కేదాన్ని. ఎక్కక ఏం చేయాల?

ఆ నేర్పడంలోనే ఒగ సంగతి చెప్పినాడు. "బండి లేయకపోతే తిట్టొద్దు, లైట్లేసి చూడు. తాళం తిప్పేటప్పుడు లైట్లు చచ్చిపోతే ఇంజనును తిప్పే సెల్ఫ్ మోటారుకు కరెంటు చాలడంలేదని. బ్యాటరీ అన్నా అయ్యుండాల, దాని వైరన్నా లూజయ్యుండాల. లైట్లు కదలకుండా వెలుగుతాండంగా ఒక్క టక్ అని ఊరుకుంటే, కరెంటు వస్తాంది గానీ సెల్ఫ్ మోటారు ఇరుక్కునిందని." నేను బడి పాఠం మాదిరి అప్పజెప్పినా. ఆయన నవ్వినాడు.

ఆ మంగళవారం అదే చేసినా. లైట్లేసినా. ముందర గోడ మీద రెండు వెలుగులు పడినాయి. తాళం తిప్పినా. టక్ మనింది, వెలుగులు రెండూ చచ్చినాయి. వదిలేస్తే మళ్ళా వచ్చినాయి. "బ్యాటరీనేమో" అంటి. ఆయన, "అయ్యుంటాది" అన్నాడు.

మా ఇంటి పక్కన శిల్పాలు చెక్కే షెడ్డుంది. ఆళ్ళగడ్డలో అవి చానా. పొద్దున లేస్తే రాత్రి దాకా ఉలి చప్పుడే. బండి లేయలేదని చూసి ఉలి కిందపెట్టి నలుగురు వచ్చిరి. ఒకాయన పెట్రోలు అయిపోయిందనె. ముల్లు నిండుగా చూపిస్తాంది, అయినా అయిపోయిందనె. ఇంగొకాయన బానెట్ మీద తట్టి, "ఆడోళ్ళు నడిపితే సెల్ఫ్ బేగా పోతాదక్కా" అనె. నాకు ఒళ్ళు మండింది. "ఆడోళ్ళు చెక్కితే విగ్రహానికి ముక్కు గూడా సరిగ్గా వస్తాది, నువ్వు పోయి నీ పని చూసుకోప్పా" అంటి. తోసి స్టార్టు చేద్దామంటే మా సందులో జాగా లేదు. ముందర గోడ, వెనక ఎత్తు, ఆ ఎత్తు పక్కన షెడ్డోళ్ళు దింపిన బండలు. నేనైతే వెనక్కి ఎక్కించేదానికి మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించాల.

"ఆటోలో బస్టాండుకు పోదాం, దొరికిన బస్సెక్కుదాం, లే" అంటి.

"బస్సులో నిలబడలేను మే. పోనీలే, ఈ పొద్దు వద్దులే" అన్నాడు.

మెకానిక్ వచ్చేలోపల ఏడు దాటింది. వచ్చినాయన బానెట్ ఎత్తి, బ్యాటరీ వైర్లు పట్టుకోని కదిలించి, పానాతో నట్టు బిగించి, "ఇప్పుడు తిప్పండి మేడం" అన్నాడు. తిప్పితే ఏమీ ఎరగనట్టు లేసింది. ఎర్త్ వైరు లూజంట. రోడ్డు గతుకులకు అట్ల అవుతాదంట.

ఆ పొద్దంతా మా ఇంటాయన బాగుండాడు. ఎప్పుడూ లేనంత బాగుండాడు. మెట్ల మీద కూర్చోని శిల్పాలోళ్ళతో కతలు చెప్పినాడు. ఉగ్గాని చేయమన్నాడు, చేస్తే తిని, మిరపకాయ బజ్జీ యాడ అన్నాడు. నాకు సంతోషంగా ఉండె, లోపల భయంగానూ ఉండె. గురువారం మాపుకంతా పాదాల మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడి అట్లే నిలిచిపోయింది. శుక్రవారం బండి లేసింది, పోయినాము, ఆడ సిస్టరమ్మ బరువు చూసి నన్ను నాలుగు మాటలనింది. ఇంగోసారి ఇట్ల చేస్తే గుండె మీదికి వస్తాదనింది. నేను చేసినట్టు.

పది దినాలకే మళ్ళా అదే. శుక్రవారం పొద్దున టక్. లైట్లేస్తే, తిప్పంగానే చచ్చినాయి. మెకానిక్ ఈ మాటు వేరే ఊర్లో ఉండాడు. మంచం పోయింది. మరుసటి దినం వచ్చి మళ్ళా బిగించి, "బ్యాటరీ గూడా పాతదైపోయింది మేడం, మార్చేస్తే నిమ్మళం" అన్నాడు. మార్చేసి, సిస్టరమ్మను బతిమాలి ఆ మాపు ఖాళీ అయిన మంచం మీద ఆయన్ను పడుకోబెట్టినా. చర్చిలో పెద్దాయన ఒకరు మా బాధ విని, ఆదివారం ఆరాధన అయినాక బానెట్ మీద చెయ్యి పెట్టి కండ్లు మూసుకోని చానాసేపు ప్రార్థన చేసినాడు. తిప్పితే ఒక్క దెబ్బకు లేసింది. అందరూ స్తోత్రం అనిరి. నేనూ అంటి. ఆదివారం ఆ బండి ఎప్పుడూ లేస్తానే ఉండాదనేది అప్పుడు తోచలే.

కొత్త బ్యాటరీ వేసినాక వచ్చిన మంగళవారం మళ్ళా టక్ మనింది.

ఆ దినం నేను స్టీరింగ్ మీద తల పెట్టి అట్లే ఉండిపోయినా. ఏడుపు రాలే. బుర్ర మాత్రం గిరగిరా తిరుగుతాండె. ఆదివారం చర్చికి లేస్తాది. బుధవారం సంతకు లేస్తాది. బడికి పోవాలంటే లేస్తాది. గతుకులకే లూజయ్యేదుంటే, మా బడికి పోయే దారిలో ఉన్నన్ని గతుకులు నంద్యాల రోడ్డులో లేవు. బండికి వారాలు తెలుస్తాయా? మంగళవారమూ శుక్రవారమూ దానికేం తెలుసు? ఆ రెండు వారాలూ తెలిసింది ఇంట్లో ఇద్దరికే. ఒకరు నేను.

అప్పుడు గుర్తొచ్చింది. మా పెండ్లయిన కొత్తల్లో ఆయన చెప్పిన కత. జీపు ఓనరు ఒకాయన ఉండెనంట, వాన పడతాన్నా ఎగువకు పోవాలని తరిమేటోడంట. రాళ్ళు జారతాయి, పోము అంటే వినడు. ఎదురు చెప్తే పనిలో ఉండనియ్యడు. అందుకని డ్రైవర్లు ఒగ ఉపాయం పెట్టుకున్నారు. బ్యాటరీ ఎర్త్ నట్టును పానాతో రవ్వంత వదులు చేసేది. పూర్తిగా ఊడదీస్తే కనపడతాది. రవ్వంత వదులు చేస్తే హారన్ మోగుతాది, లైట్లు వెలుగుతాయి, తాళం తిప్పితే మాత్రం టక్. ఓనరు వచ్చి, తిప్పి, చూసి, తిట్టి, పోయేటోడంట. వాన నిలిచినాక మళ్ళా బిగించుకునేటోళ్ళంట. "మేము రాము అంటే కోపమొస్తాది, జీపు రాదు అంటే ఎవనికీ ఏమీ రాదు" అని చెప్పి మిద్దె మీద పడీపడీ నవ్వినాడు. నేనూ కడుపు పట్టుకోని నవ్వినా.

ఆలోచించేలోపల పొద్దెక్కింది, ఆ దినం మంచమూ పోయినట్టే. ఆయన్ను లోపలికి పంపించి బానెట్ ఎత్తినా. కొత్త బ్యాటరీ. మెకానిక్ శనివారమే బిగించిపోయిన నట్టు. వేలితో తిప్పితే తిరిగింది. బ్యాటరీ మీద శిల్పాల షెడ్డు ధూళి అప్పుడే పల్చగా పడుంది, నట్టు చుట్టూ మాత్రం వేళ్ళ జాడ. ఇంట్లోకి పోయి చూస్తే ఆయన మంచం పక్కన కిటికీ మీద, మాత్రల అట్టల పక్కన, పది నంబరు పానా ఉంది. దాచిపెట్టను గూడా లేదు. జీపు వదిలినప్పటి నుంచీ అది ఆడనే ఉంటాది, దినమూ తుడుస్తాంటా, అందుకే నా కంటికి ఆనలే.

నాకు అప్పుడు వచ్చింది కోపం. ఇంతా అంతా కాదు. బడికి సెలవులు పెట్టి, హెడ్మాస్టరుతో మాటలు పడి, తెల్లారకముందే లేచి, రాని బండిని నేర్చుకోని నేను తిప్పుతాంటే, ఈ మనిషి రవ్వంత రవ్వంత వదులు చేసుకుంటా వస్తాండాడు. పైగా నేను కండ్లనీళ్ళు పెట్టుకోని మెకానిక్‌కు ఫోన్లు చేస్తాంటే పక్కన కూర్చోని గోడను చూస్తాడు. ఆ పానా తీసి ఆయన నెత్తిన వేయాలనిపించింది. వేయలే. తీసుకపోయి కందిపప్పు డబ్బాలో, పప్పు అడుగున పెట్టినా. మెకానిక్‌ను పిలిపించి నట్టును గట్టిగా బిగించి పొమ్మంటి. ఇంటాయనకు ఏమీ చెప్పలే.

శుక్రవారం తెల్లారుతాండంగా వంటింటి కిటికీలోంచి చూస్తాండా. లుంగీ ఎగగట్టుకోని, చప్పుడు చేయకుండా వాకిట్లోకి వచ్చినాడు. డ్రైవరు పక్క తలుపు తీసి బానెట్ లివరు లాగినాడు. బానెట్ ఎత్తేదానికే రెండు చేతులూ పెట్టాల్సొచ్చింది. నట్టును వేళ్ళతో తిప్పి చూసినాడు. తువ్వాలు చుట్టి తిప్పి చూసినాడు. గేర్‌బాక్సును ఒక్కడే దింపి ఎక్కించిన మనిషి. ఆ చిన్న నట్టు కదలలే. బండి రెక్కకు ఆనుకోని, తల వంచుకోని, ఊపిరి పీల్చుకుంటా చానాసేపు నిలబడినాడు. నా కోపం యాడికి పోయిందో పోయింది. కాలుతాండే టీ గిన్నెను ఊరకే పట్టుకోని నిలబడినా, చెయ్యి కాలింది.

బండి లేసింది. సిరివెళ్ళ దాటినాక ఆయనే అడిగినాడు.

"పానా యాడ పెట్టినావ్?"

"యాడ పెట్టినా నీకెందుకు?"

"తెలిసిపోయిందా?"

"నువ్వు చెప్పిన కతే గదా. మిద్దె మీద నవ్వుకుంటా చెప్తివి."

ఆయన, "లారీ వస్తాంది, ఎడమకు పట్టు" అన్నాడు. పట్టినా.

"నోరుండాది గదా. రానని చెప్పేదానికేం?" అంటి.

"చెప్పినా గదా ఒగసారి. గంటె విసిరితివి."

"రానంటే విసరక ముద్దు పెట్టుకుంటారా?"

నవ్వబోయినాడు, నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు తగ్గినాక మెల్లగా చెప్పినాడు. "సావాలని చేయలే మే. ఒగ పొద్దు ఆ సూదులు లేకుండా ఇంట్లో కూర్చోవాలనిపించింది, అంతే. నేను రానంటే నువ్వు ఏడుస్తావు. మీ అన్నను పిలుస్తావు, పాస్టరును పిలుస్తావు. అందరూ చుట్టూ కూర్చోని నచ్చజెప్తారు. బండి రాదంటే ఎవురూ నాకేమీ చెప్పరు. బండిని తిడతారు."

నేను రోడ్డునే చూస్తాండా.

"నేను జీపులో జనాలను ఎక్కించుకునేటప్పుడు గూడా, వస్తారా స్వామీ అని అడిగి ఎక్కించుకునేటోణ్ణి. నువ్వు నన్ను ఒగ దినమన్నా అడిగినావా? లే. తువ్వాలు తీస్కో. బండెక్కు. బస్తాను ఎక్కించినట్టు ఎక్కిస్తాండావ్."

"అడిగితే రానంటావు."

"అనొచ్చు."

"అంటే?"

"అంటే అంటా" అన్నాడు.

బండి నిదానమైపోయి వెనక ఎవరో హారన్ కొడతాండారు. గేరు మార్చి పోనిచ్చినా. ఆయన అడిగింది నాకు అర్థం కాక కాదు. అర్థమయ్యే నేను అడగలే. అడిగినాక ఆయన రానంటే, ఆ మాటను నేను యాడ పెట్టుకోవాల? ఆ ఇంట్లో నాకున్నది ఆయనొక్కడే. గంటె విసిరిందీ అందుకే, పానా దాచిందీ అందుకే.

తర్వాత చానా వారాలు బండి సక్కగా లేసింది. ఆయన ఎక్కి కూర్చునేటోడు, దిగేటోడు. క్లచ్చి గురించి గూడా ఒగ మాటనేటోడు కాదు. పానా యాడుందని మళ్ళా అడగలే.

ఎండలు ముదిరినాయి. నంద్యాల ఎండ తెలిసినోళ్ళకు చెప్పే పనిలేదు. దినానికి ఇన్ని నీళ్ళే తాగాలని ఆయనకు కొలత. చిన్న గ్లాసుతో పోసిస్తా. ఒగప్పుడు జీపు దిగితే చెంబెత్తి గటగటా తాగేటోడు, ఇప్పుడు గ్లాసును నాలిక మీద పెట్టుకోని కూర్చుంటాడు. నందికొట్కూరులో మా చెల్లెలు బిడ్డ పెండ్లికి గురువారం పోయినాము. ఆడ నేను ఆడోళ్ళలో పడి కనిపెట్టుకోలే. ఎవరిచ్చినా కాదనకుండా నీళ్ళు తాగినాడు, పుచ్చకాయ తిన్నాడు. శుక్రవారం పొద్దునకు కండ్ల కింద సంచులు కట్టి, మాట్లాడితే రొప్పు. నేనే చెయ్యి పట్టి బండిలో కూర్చోబెట్టినా. తాళం తిప్పినా.

టక్.

నాకు నెత్తికెక్కింది. "మళ్ళా చేసినావా? ఇట్లుండి గూడా చేసినావా? సావాలంటే నేరుగా సావు, నన్ను ఇట్ల తిప్పలు పెట్టి సంపొద్దు" అని అరిసినా. షెడ్డులో ఉలి చప్పుడు నిలిచిపోయింది. ఆయన నోరు తెరిచి ఊపిరి లాక్కుంటా, "నేను కాదు మే" అన్నాడు.

"పప్పు డబ్బాలోంచి ఎప్పుడు తీసినావ్?"

"పప్పు డబ్బాలో పెట్టినావా?" అన్నాడు. ఆ మొగం చూస్తే అబద్ధం కాదని తెలుస్తాంది. నేను మాత్రం నమ్మలే. దిగిపోయి బానెట్ ఎత్తి నట్టు పట్టుకోని తిప్పినా. రాలే. గట్టిగా ఉంది. రెండో నట్టూ గట్టిగానే ఉంది. ఆడనే నిలబడిపోయినా. ఆయన అద్దంలోంచి చెయ్యి బయటపెట్టి పిలుస్తాండాడు.

"లైట్లేయి. లైట్లేసి తిప్పు."

ఎక్కి వేసినా. తిప్పినా. టక్. గోడ మీద వెలుగులు కదలలే. అట్లే వెలుగుతాండాయి. ఇద్దరమూ ఆ గోడనే చూస్తాండాము.

"సెల్ఫ్," అన్నాడు. "మోటారు ఇరుక్కునింది. నువ్వు దిగు. జాకీ రాడ్డు తీస్కో. ఇంజను వెనక పక్క, కింద, బొద్దుగా గిన్నె మాదిరి ఉంటాది చూడు. దాని మీద కొట్టు. గట్టిగా కాదు. తట్టినట్టు కొట్టు." రెండు మాటలకొకసారి ఊపిరికి ఆగుతాండాడు. మాట్లాడుతానే నా సీట్లోకి జరిగినాడు. స్టీరింగ్ పట్టుకోని ఆయన్ను చూసి ఎన్నాళ్ళయిందో.

రాడ్డు దూర్చి వెతికినా. "అది కాదు, ఇంగా కింద" అన్నాడు చప్పుడు విని. మళ్ళా తట్టినా. "ఆ, అదే. నేను తిప్పుతా, నువ్వు తట్టు." తట్టినా. టక్. తట్టినా. టక్. చేతికి చెమట పట్టి రాడ్డు జారుతాంది. ఏసయ్యా అన్నా, నరసింహస్వామీ అని గూడా అన్నా, ఘాట్ రోడ్డు మాదిరే ఉండె నాకు. ఇంగోసారి తట్టినా. ఇంజను లేసింది.

నేను రాడ్డు పట్టుకోని అట్లే నిలబడుకోనుండా. ఆయన అద్దంలోంచి తల బయటపెట్టి, "ఏం చూస్తాండావ్, ఎక్కు. టైమైపోతాంది. మంచం పోతాది" అన్నాడు.

మంచం పోతాది అన్నాడు. ఆ మాట ఎప్పుడూ నాదే. పోయి పక్క సీట్లో కూర్చున్నా. దుప్పటి సంచి నా ఒళ్ళోకి వచ్చింది. బండలు పక్కకు తగలకుండా ఎత్తు మీదికి ఒక్క పట్టున వెనక్కి ఎక్కించి, రోడ్డు మీదికి తెచ్చి నిలిపినాడు. అంతకంటే చేతకాలే. స్టీరింగ్ మీద వాలిపోయినాడు. ఇంజను ఆపకుండా సీట్లు మారి నేను పట్టుకున్నా. దారంతా, "ఆపొద్దు, ఆపితే లేయదు" అంటానే ఉండాడు.

ఆ దినం మంచం పోలే. సిస్టరమ్మ సూదులు గుచ్చేటప్పుడు మొగం అవతలికి తిప్పుకునేటోడు, ఆ దినం తిప్పుకోలే, కండ్లు మూసుకున్నాడు. నిద్రపోయినాక నేను బయట బెంచీ మీద కూర్చోని ఏడ్చినా. పక్కనున్నామె నీళ్ళ సీసా ఇచ్చింది. తర్వాత బండిని దగ్గర్లో ఉండే మెకానిక్ షెడ్డుకు తోయించుకోని పోయి సెల్ఫ్ మోటారు బాగుచేయించినా.

ఇంటికొచ్చినాక మాపు పప్పు డబ్బాలో చెయ్యి పెట్టి పానా తీసినా. కడిగి, తుడిచి, కిటికీ మీద మాత్రల పక్కన ఎప్పుడుండే జాగాలోనే పెట్టినా. ఆయన పడుకోని చూస్తాండాడు.

మంగళవారం పొద్దున, తాళాలు చేతిలో పట్టుకోని ఆయన మంచం ముందర నిలబడినా. "వస్తావా?" అంటి. ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూసినాడు. "యాడికి స్వామీ, ఎగువకా?" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చినాయి. లేచినాడు, తువ్వాలు తనే తీసుకున్నాడు.

అప్పటి నుంచీ అడుగుతాండా. ఒగోసారి వెంటనే లేస్తాడు. ఒగోసారి చానాసేపు పలకడు. ఆ చానాసేపు నేను నిలబడుకోని ఉంటా. ఏమీ అననని నాకు నేనే ఒట్టు పెట్టుకోనుండా.

ఈ దినం పొద్దున అడిగితే, "ఈ పొద్దు వద్దు మే" అన్నాడు.

అదే మాట. బండి లేయని మొదటి దినం అన్న మాట. నా పెదాల దాకా ఎన్ని వచ్చినాయో నాకే తెలుసు. తాళాలు తీసుకపోయి కిటికీ మీద పానా పక్కన పెట్టినా. వంటింట్లోకి పోయి బొరుగులు నానబెట్టినా. ఉగ్గాని చేసి పెట్టినా, బజ్జీ గూడా వేసినా. ఆయన మెట్ల మీద కూర్చోని తిన్నాడు. షెడ్డోళ్ళతో మాట్లాడినాడు. నేను బడికి పోలే, ఇంట్లో ఉతికిన బట్టలే మళ్ళా ఉతికినా. మధ్యాహ్నం ఆయన నిద్రపోతాంటే పోయి పాదాల మీద వేలు పెట్టి నొక్కి చూసినా. గుంట పడింది. ఆయన కండ్లు తెరవకుండానే, "చూసినావా, నిమ్మళంగా ఉండాదా?" అన్నాడు. దొంగ మాదిరి లేచి వచ్చేసినా.

పొద్దు వాలినాక వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడినాడు. గోడ పట్టుకోనుండాడు.

"రేపు ఏమన్నా మంచం ఖాళీ ఉంటాదేమో అడుగు" అన్నాడు. "వస్తా."

నేను సరే అని ఊరకే తల ఊపినా. ఫోను తీసుకోని వాకిట్లోకి వచ్చి, బండికి ఆనుకోని, నంద్యాల నంబరు కొట్టబోయినా. రెండుసార్లు తప్పు నంబరు కొట్టినా.